మైనస్ 27లో కోత మిల్లు

ఉదయం ఎనిమిది దాటింది. స్ప్రూస్ చెట్ల చివళ్ల మీదికి సూర్యుడు ఇప్పుడే వస్తున్నాడు. వెలుగైతే ఉంది, వేడి లేదు. గుమ్మం పక్కన కొట్టిన థర్మామీటరు మైనస్ 27 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్కు లోపలి వెంట్రుకలు బిగుసుకుని గుచ్చుతున్నాయి. అడుగు వేస్తే బూటు కింద మంచు కిర్రుమంటోంది. మీరున్నది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన, టవర్ అనే చిన్న ఊరి శివారులో. 1996 ఫిబ్రవరి 2న ఈ ఊరి దగ్గర మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. ఆ రాష్ట్రంలో అంతకు మించిన చలి ఎన్నడూ లెక్కకెక్కలేదు. అలాంటి చోట మైనస్ 27 అంటే జనవరిలో ఒక మామూలు పొద్దు.

ఇంటి వెనక రెడ్ పైన్ దుంగలు పేర్చి ఉన్నాయి. వాటి పక్కనే చక్రాల మీద నిలబడి ఉంది పోర్టబుల్ కోత మిల్లు. మన టింబరు డిపోల్లో దుంగను రంపం దగ్గరికి తెస్తారు. ఇక్కడ రంపమే ట్రక్కు వెనక తగిలించుకుని దుంగ ఉన్న చోటికి వెళుతుంది. ఆరు మీటర్ల ఇనుప చట్రం మీద దుంగ కదలకుండా పడుకుంటుంది. రెండు చక్రాల మీదుగా తిరిగే సన్నని పట్టీ రంపం, దాన్ని తిప్పే 25 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను కలిసి దుంగ పొడవునా పట్టాల మీద నడిచివస్తాయి.

ఇంత చలిలో కోత పనేమిటని మీకు అనిపిస్తుంది. ఈ నేల మీద కలప పనికి ఇదే అదను. నల్ల స్ప్రూస్, టమరాక్ పెరిగే చిత్తడి నేలలు రాయిలా గడ్డకట్టాకే వాటిలోకి యంత్రాలు దిగగలవు. మంచు మీద లాగిన దుంగకు మట్టి అంటదు, పురుగు పట్టదు, పైన్ చెక్కను నీలంగా మార్చే బూజు కూడా లేవదు. మార్చి నెలాఖరుకి నేల కరగడం మొదలైతే దారులు బురదైపోతాయి. అందుకే ఇవాళ ఇంజను తిరగాలి.

మిల్లు నడిపే ఆయనకు డెబ్బై దాటాయి. చోక్ లాగి, తాళం తిప్పుతాడు. టక్‌మని ఒక చప్పుడు, ఆ వెనక సెల్ఫ్ మోటారు మూలుగు. ఇంజను అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. మళ్లీ తిప్పుతాడేమోనని మీరు చూస్తారు. ఆయన తాళం తీసి జేబులో వేసుకుంటాడు.

"ఇంకోసారి కొట్టి చూడొచ్చుగా తాతా?" మనవడు అడుగుతాడు.

"కొడితే బ్యాటరీలో ఉన్న కాస్తా పోతుంది. ముందు ఎందుకు తిరగలేదో చూద్దాం."

సెల్ఫ్‌ను ఒక్క విడతకి పది సెకన్లకు మించి కొట్టకూడదు. కొట్టాక నిమిషం పాటు దాన్ని చల్లారనివ్వాలి. బయట మంచు ఉన్నా, ఆ పది సెకన్లు దాటితే మోటారు లోపలి తీగలు కాలిపోవచ్చు.

మొదట బ్యాటరీ. మీటరు ముళ్లు ఆనిస్తే 12.4 వోల్టులు. నిండుగా ఉంటే 12.6కి పైన చూపాలి. అంటే ముప్పాతిక వంతు ఉన్నట్టు. వేసవిలో అయితే ఈ మాత్రం చాలు. మైనస్ 18 దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇవ్వగలిగే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే, లోపల ఆయిలు చిక్కబడి, ఇంజను తిరగడానికి మామూలుకంటే చాలా ఎక్కువ బలం అడుగుతుంది. బ్యాటరీ మీద రాసే కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్ల లెక్క కూడా ఆ మైనస్ 18 దగ్గర కట్టినదే. ముప్పై సెకన్ల పాటు, వోల్టేజి 7.2కి దిగువకు జారకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. ఇవాళ చలి ఆ గీత కూడా దాటేసింది.

ట్రక్కు నుంచి జంపర్ కేబుళ్లు తేబోయే మనవణ్ణి ఆయన ఆపుతాడు. ముందు బ్యాటరీ పక్కలు తడిమి చూస్తాడు, ఎక్కడా ఉబ్బలేదు. మూతలు విప్పి లోపలికి టార్చి వేస్తాడు, ద్రవం కదులుతోంది. నిండు బ్యాటరీ మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. సగం ఖాళీ అయినది మైనస్ 23 ప్రాంతంలోనే గడ్డకడుతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తే పేలే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష అయ్యాకే కేబుళ్లు తగిలిస్తారు. చివరి క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు కాకుండా దూరంగా ఇంజను ఇనుముకు తగిలిస్తారు, నిప్పురవ్వ బ్యాటరీ ఆవిరికి అంటుకోకుండా.

తాళం తిప్పితే ఇంజను ఈసారి తిరుగుతుంది, కానీ ఇంకా బరువుగానే. ట్రక్కు బ్యాటరీ తోడున్నా ఇంత నీరసమెందుకు? ఆయన మీటరు మీ చేతికిస్తాడు. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, రెండోది ఇంజను దిమ్మ మీద పెట్టమంటాడు. మనవడు సెల్ఫ్ కొడతాడు. మీటరు 1.1 అంటుంది. ఎర్త్ దారి బాగుంటే ఇక్కడ వోల్టులో నాలుగో వంతు కూడా కనిపించకూడదు. అంటే సెల్ఫ్‌కు చేరాల్సిన బలంలో ఒక వోల్టు దారిలోనే ఖర్చవుతోంది. ఎర్త్ కేబులు బోల్టు విప్పితే కింద తుప్పు, దాని మీద పైన్ జిగురు, ఆ జిగురులో అతుక్కున్న పొట్టు. తీగ బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగిస్తాడు. ఈసారి మీటరు దాదాపు సున్నా చూపుతుంది.

ఈ తుప్పు రాత్రికి రాత్రి పట్టింది కాదు. ఆగస్టులోనూ ఉంది. అప్పుడు బ్యాటరీకి బలం ఎక్కువ, ఆయిలు పలచన, కాబట్టి ఒక వోల్టు పోయినా ఇంజను తిరిగేది.

తర్వాత ఆయిలు. డిప్‌స్టిక్ బయటికి తీస్తే కొసన ఉన్న చుక్క రాలదు, ముదిరిన బెల్లం పాకంలా సాగుతుంది. వేసవిలో పోసిన 30 గ్రేడు ఆయిలు ఇంకా మార్చలేదు. చలికాలపు 5డబ్ల్యూ-30 ఆయిలును మైనస్ 30 డిగ్రీల దగ్గర ఇంజను తిరిగేంత పలచగా ఉంటుందా అని పరీక్షించి గాని ఆ పేరుతో అమ్మరు. 30 గ్రేడుకు అలాంటి పరీక్షే లేదు. ఇక్కడ కార్లకు కింద అయస్కాంతం హీటరు అతికించి రాత్రంతా కరెంటు పెట్టడం ఉంది. ఈ ఇంజను క్రాంక్‌కేసు అల్యూమినియం, అయస్కాంతం అంటుకోదు. కాబట్టి ఆయన ముందు ఇంజను చుట్టూ పేరుకున్న పొట్టంతా ఊడ్పిస్తాడు. పెట్రోలు ఎక్కడైనా కారుతోందేమో చూస్తాడు. టార్పాలిన్ కప్పి, దాని కింద కరెంటు ఫ్యాన్ హీటరు ఆన్ చేస్తాడు. మంట ఉన్న హీటరు ఒప్పుకోడు. పెట్రోలు, ఎండు పొట్టు ఉన్న చోట మంట తెచ్చిపెడితే మిగిలేది బూడిదేనని మనవడికి చెప్పడం ఇదే మొదటిసారి కాదని ఆ గొంతే చెబుతోంది.

గంటసేపు ఆగాలి. చేతులు చంకల్లో దోపుకుని మీరు మిల్లు చుట్టూ తిరుగుతారు. ఆయన మాత్రం ఖాళీగా ఉండడు. ప్లగ్గుల తీగలు ఊడదీసి, బెల్టు మీది రేకు తీస్తాడు. రంపాన్ని ఇంజనుతో కలిపే లివరు విడిచే ఉంది, బెల్టు వదులుగా ఉండాలి. కాని మొన్న కరిగిన మంచు, పొట్టు కలిసి బెల్టును పుల్లీకి అతికించేశాయి. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా అది ఇంజనుతో పాటు ఈ బెల్టునూ, దాని వెనక ఉన్న రంపపు చక్రాలనూ లాగుతోంది. ఆయన మందపాటి తొడుగు వేసుకుని పుల్లీని వెనక్కీ ముందుకీ ఊపుతాడు. పటపటమంటూ ఐసు ముక్కలు రాలుతాయి. మళ్లీ ఊపితే బెల్టు విడిపోతుంది.

టార్పాలిన్ తీసి ప్లగ్గు తీగలు బిగించి సెల్ఫ్ కొడితే ఈసారి ఇంజను చురుగ్గా, లయగా తిరుగుతుంది. ఆ వేగం కూడా అవసరమే. ఇలాంటి చిన్న ఇంజన్లలో నిప్పురవ్వ పుట్టించేది ఫ్లైవీలు మీది అయస్కాంతం. అది తగినంత జోరుగా తిరిగితే తప్ప రవ్వ రాదు. అయినా ఇంజను అందుకోలేదు.

మనవడు షెడ్డులోంచి స్టార్టింగ్ ఫ్లూయిడ్ డబ్బా తెస్తాడు. లోపల ఉండేది ఈథర్.

"వద్దురా. అది కొడితే ఒకవేళ స్టార్టయినా ఎందుకు రాలేదో మనకు తెలీదు. రేపు పొద్దున మళ్లీ ఇదే పాట." ఈథర్ సిలిండరు గోడల మీది ఆయిలు పొరను కడిగేస్తుంది. పెట్రోలు కంటే చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది గనుక పిస్టన్ పైకి చేరకముందే పేలి దాన్ని వెనక్కి తంతుంది.

ప్లగ్గు విప్పి మీకు చూపిస్తాడు. కొస ఎండిపోయి ఉంది. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, రవ్వ లేదని అర్థం. పొడిగా ఉంటే పెట్రోలే రాలేదని అర్థం. టెస్టరు తగిలించి చూస్తే రవ్వ నీలంగా, గట్టిగా ఉంది. ఇక వెతకాల్సింది పెట్రోలు దారి ఒక్కటే. తాళం ఆన్ చేస్తే కార్బొరేటరు అడుగున సోలనాయిడు టిక్కుమంటుంది, అది తెరుచుకుంటోంది. గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పెట్రోలు పడతాడు. వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున బియ్యపు గింజలంత ఐసు పలుకులు. మిన్నెసోటాలో బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది. పడవలకు, చిన్న ఇంజన్లకు ఇథనాల్ లేని పెట్రోలు విడిగా అమ్ముతారు. ఈయన వాడేది అదే. అది నీటిని కలుపుకోదు. డబ్బాలో చెమ్మ చేరితే అడుగుకు దిగి గడ్డకడుతుంది. పైగా ఈ డబ్బా నింపింది ఎండాకాలంలో. చలికాలానికి కంపెనీలు బ్యూటేను వంటి తేలిగ్గా ఆవిరయ్యే పాళ్లు పెంచి పెట్రోలు కలుపుతాయి. వేసవి పెట్రోలు ఎండలో ఆవిరైపోకూడదని ఆ పాళ్లు తగ్గిస్తాయి. సిలిండరులో అంటుకునేది ఆవిరే గాని ద్రవం కాదు. ఆయన ట్యాంకు ఖాళీ చేయించి, నిన్న బంకులో పట్టిన పెట్రోలు పోయిస్తాడు.

అప్పటికీ ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంటుంది.

"చోక్ లాగు," అని మనవడికి చెప్పి ఆయన ఎయిర్ ఫిల్టరు ఊడదీస్తాడు. మీరు వంగి చూస్తారు. మనవడు ప్యానెల్ దగ్గర పిడిని పూర్తిగా లాగాడు. ఇక్కడ కార్బొరేటరు గొంతులో రేకు మాత్రం సగమే మూసుకుంది. ప్యానెల్ నుంచి ఇంజను దాకా పొడుగాటి కేబులు. దాని తొడుగును పట్టుకునే క్లాంపు అదురుకు వదులైపోయింది. పిడి లాగితే లోపలి తీగతో పాటు తొడుగు కూడా జారుతోంది. వేసవిలో సగం చోక్‌తోనే ఇంజను అందుకునేది గనుక ఎవరూ ఈ ఫిల్టరు తీసి చూడలేదు.

మీ పొద్దంతా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. అతుక్కున్న బెల్టు, పెట్రోలులోని ఐసు తప్ప చలి ఇవాళ కొత్తగా పుట్టించిన లోపమేదీ లేదు. తుప్పు, పాత ఆయిలు, పాత పెట్రోలు, జారిన క్లాంపు, వీటిలో ఏ ఒక్కటీ ఆగస్టులో ఇంజనును ఆపలేకపోయింది. వెచ్చదనం ఇచ్చే వెసులుబాటుతో అన్నీ సాగిపోయాయి. చలి ఆ వెసులుబాటును లాగేసుకుంది. అందుకే ఏ ఒక్క లోపం దొరికినా వెతకడం ఆపకూడదు.

తొడుగును సరైన చోట పట్టి, క్లాంపు స్క్రూ బిగిస్తాడు. రేకు ఇప్పుడు పూర్తిగా మూసుకుంటుంది. సెల్ఫ్ కొట్టగానే ఇంజను ఒకసారి తడబడి అందుకుంటుంది. నల్లటి పొగ, ఆ వెనక తెల్లటి ఆవిరి. మనవడు చప్పట్లు కొడతాడు. ఆయన చోక్‌ను కొంచెం కొంచెంగా లోపలికి తోస్తూ చెవి ఒగ్గి వింటాడు. పది నిమిషాల దాకా రంపం కలపనివ్వడు. ఈలోగా క్రాంక్‌కేసు ఊపిరి గొట్టం తడిమి చూస్తాడు. లోపలి చెమ్మ అక్కడ గడ్డకడితే ఒత్తిడి పెరిగి సీళ్ల గుండా ఆయిలు తన్నుకొస్తుంది.

గడ్డకట్టిన దుంగకు మామూలు రంపం పనికిరాదు. పళ్ల వాలు పది డిగ్రీలున్న రంపం తీసి నాలుగు డిగ్రీలది ఎక్కిస్తారు. రంపం మీద కారే నీళ్ల బదులు కారు అద్దాలు కడిగే ద్రవం పోస్తారు. మొదటి పలక సమంగా, అలలు లేకుండా వస్తుంది. పొట్టు పొడిగా, ఇసుకలా ఎగిరి మీ కోటు మీద పడుతుంది.

సాయంత్రం ఇంజను వెచ్చగా ఉండగానే 30 గ్రేడు ఆయిలు దించి 5డబ్ల్యూ-30 సింథటిక్ పోస్తారు. బ్యాటరీ విప్పి వంటింట్లో ఛార్జరుకు పెడతారు. పుల్లీ మీది పొట్టు దులిపి బెల్టును విడిగా నిలుపుతారు. ఈ పనులు చీకటి పడేలోపే అయిపోతాయి.

మర్నాడు మైనస్ 30. బ్యాటరీ పెట్టి, చోక్ లాగి, తాళం తిప్పితే సెల్ఫ్ పూర్తిగా అందుకోకముందే ఇంజను మోగుతుంది.

"నిన్నటికంటే చలి ఎక్కువే కదా తాతా!"

ఆయన క్లాంపు మీద వేలు పెట్టి చూస్తాడు. బిగువుగానే ఉంది. "ఈ శనివారం నుంచి వారానికోసారి ఇది చూడటం నీ పని. ఆగస్టులో కూడా," అని దుంగ ఎక్కించమంటాడు.