కార్చిచ్చు: నాటి చట్టమును నేటి యుపగ్రహమును



మా రేణిగుంటలో నిలిచి వాయవ్యముగా జూచినచో శేషాచలపంక్తులు కానవచ్చును. నా బాల్యమున ఫాల్గుణ చైత్రమాసముల రాత్రులయందు ఆ కొండనొసట నెర్రని గీత యొకటి ప్రాకుచుండుట అరుగులమీద గూర్చుండి చూచెడివారము. పిల్లలకది వేడుక. మా పితామహులు మాత్రము, "అది దీపారాధన కాదురా! వచ్చే ఏడు మన బావుల్లో ఊరే నీళ్లు అక్కడ కాలిపోతున్నాయి" అనెడివారు. ఆ మాటకర్థము పెద్దవాడనైన పిదపగాని నాకు దెలియలేదు.

మన కొండలది ఆకురాల్చు నడవి. మాఘము మొదలు ఆకు రాలును. బోదగడ్డి నిలువుననే యెండును. ఆర్పక పారవైచిన బీడీముక్క గాని, తేనెకై పట్టిన కాగడా గాని, క్రొత్తపచ్చిక మొలచునను నాసతో పసులకాపరి పెట్టిన నిప్పు గాని, ఏదైన నొకటి చాలును. మంట నేలబారున బోవుచు మొలకలను, విత్తనములను దహించును. ఆకుపొర లేని నేలపై తొలకరి వాన పడినచో నీరింకక, మన్నును గోసికొని వాగుపాలగును. పితామహుల మాటకిదియే భాష్యము. మరియు తూర్పుకనుమల దక్షిణభాగమున దప్ప లోకమున వేరెచ్చటను తనంతట బెరుగని ఎర్రచందనము ఈ యడవులలోనిదే.

చెన్నపురి రాజధానిలో అడవిశాఖ 1856లో క్లెగ్‌హార్న్ గారి యాధిపత్యమున నేర్పడెను. 1864 ప్రాంతమున మధ్యపరగణాలలోని బోరి యడవిని పియర్సన్ అను నధికారి నిప్పునుండి కాపాడి చూపగా, ఆ పద్ధతి యితర ప్రాంతములకును వ్యాపించెను. అడవిని ఖండములుగా జేసి నడుమ వెడల్పయిన బాటలు దీయుట, వేసవి ముదురకమున్నే ఆ బాటలలోని కసవును దగ్గరనుండి కాల్చివేయుట, ఎండకాలమంతయు కావలివారిని నిలుపుట, ఇదియే యా పద్ధతి. ఈ బాటలనే ఫైరులైను లందురు. నేటికిని అవియే మొదటి రక్ష.

1882లో వచ్చిన మదరాసు అడవిచట్టము రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను నేరముగా జేసెను. కాని యా చట్టమే మేతకును, వంటచెరకునకును, ఆకు ఎరువునకును హద్దులు పెట్టెను. అడవి తనది కాదని తలచిన రైతు మంట జూచి పరుగెత్తునా? రైతుల మొరలు మిక్కుటము కాగా దొరతనమువారు 1912లో నొక విచారణసంఘమును నియమించిరి. గ్రామోపయోగమునకు దగిన యడవులను పంచాయతుల కొప్పగింపవచ్చునని 1913లో నా సంఘము సూచించెను. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము వచ్చినను నిప్పు నేరముగనే నిలిచెను. 1992లో మన రాష్ట్రప్రభుత్వము వనసంరక్షణ సమితుల పద్ధతి నారంభించి, అడవిని గాచిన యూరికి ఫలములో భాగమిచ్చుట కంగీకరించెను. దండనముమాత్రము చాలదని గ్రహించుటకు నూరేండ్లకు పైగా పట్టినది!

ఇక శాస్త్రము మాట. హైదరాబాదులో 1974లో దూరసంవేదనసంస్థ యేర్పడెను. డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణసంస్థ 2004 మొదలు ఉపగ్రహములు చూచిన మంటల వార్తను రాష్ట్రముల కందించుచున్నది. ఉపగ్రహము మంటను పొగనుబట్టి గాక వేడిమినిబట్టి కనుగొనును. 2017 నుండి వాడుచున్న సూక్ష్మయంత్రము భూమిని 375 మీటర్ల చదరములుగా జూచును. అట్టి చదరమొకటి రమారమి 35 ఎకరములు. అందెచ్చటనో వేడి యున్నదని యది చెప్పునే కాని, ఏ గట్టుక్రిందనో చెప్పజాలదు. రేయింబవళ్లలో నది మనపై సాగునది రెండుమారులే; మబ్బు క్రమ్మినచో నదియు లేదు. నడుమ గాలి యూరకుండదు గదా!

2014 మార్చిలో తిరుమలకొండ నడవి మండినప్పుడు సైనికులను, వాయుసేన హెలికాప్టరులను రప్పింపవలసి వచ్చెను. ఉపగ్రహవార్తలు పుట్టి యప్పటికి పదియేండ్లు. తరువాత 2017లో కేంద్రప్రభుత్వము అడవినిప్పుల నివారణకే ప్రత్యేకపథక మొకటి యేర్పరచెను. అందు నూటికి 60 పాళ్లు కేంద్రమును, 40 పాళ్లు మనవంటి రాష్ట్రములును భరింపవలయును.

ఇన్నియు నుండియు, వార్త యందిన పిమ్మట పచ్చికొమ్మ చేతబట్టి మంటను మోది చంపువాడు కొండక్రింది యూరివాడే. కావున పెద్దలకు నాదొక విన్నపము. శివరాత్రికి ముందే, మీ యూరి సమితి బ్రతికియున్నదా, ఫైరులైను చెక్కిరా, కావలివారికి కూలి యందుచున్నదా యని విచారింపుడు. డెహ్రాడూను వార్తను కోరిన పౌరులెవ్వరైనను చేతిఫోనులో పొందవచ్చును. చదువుకొన్న మనుమనిచేత పేరు నమోదు చేయింపుడు. పసులకాపరిని తిట్టక దగ్గర గూర్చుండబెట్టుకొని, కొండ కాలినచో బావి యెండునని చెప్పుడు. మా పితామహులు నాకట్లే చెప్పిరి.