ఫ్రాటర్నిటీ గడపలో గే విద్యార్థులు

అమెరికా కళాశాలల్లో ఫ్రాటర్నిటీ అంటే మగ విద్యార్థుల సంఘం. గ్రీకు అక్షరాల పేరు, కొత్తవాళ్లకు గుట్టుగా జరిపే దీక్ష, చాలాచోట్ల సభ్యులంతా కలిసి ఉండే ఇల్లు దాని గుర్తులు. గ్రీకు అక్షరాల సంఘాల్లో మొదటిదైన ఫై బీటా కాపా 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. అది తర్వాత ప్రతిభావంతులను గౌరవించే సంస్థగా మారిపోయింది. నేటి తరహా ఫ్రాటర్నిటీలకు 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో మొదలైన కాపా ఆల్ఫా సొసైటీ దారి చూపింది.

సభ్యత్వం రహస్య ఓటుతో తేలేది. పెట్టెలో తెల్ల గోళీ పడితే సమ్మతి, నల్ల గోళీ పడితే తిరస్కారం. చాలా సంఘాల్లో ఒక్క నల్ల గోళీ చాలు, అభ్యర్థి బయటికే. ఎందుకు వద్దన్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

జాతి, మతాల విషయంలో మాత్రం కొన్ని సంఘాలు ఈ గుట్టుతో సరిపెట్టుకోక, శ్వేతజాతి క్రైస్తవులకే ప్రవేశమని నియమావళిలో రాసుకున్నాయి. కాదనిపించుకున్నవాళ్లు సొంత సంఘాలు కట్టుకున్నారు. 1895లో యేల్‌లో పై లాంబ్డా ఫై, 1906లో కార్నెల్‌లో నల్లజాతి విద్యార్థుల ఆల్ఫా ఫై ఆల్ఫా అలా వచ్చినవే. 1948లో ఆమ్‌హెర్స్ట్ కాలేజీలోని ఫై కాపా సై చాప్టర్ (స్థానిక శాఖ) ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకోబోతే జాతీయ సంస్థ ఆ చాప్టర్‌నే వెలివేసింది. ఇలాంటి గొడవలు పత్రికలకెక్కాక, విశ్వవిద్యాలయాలు పట్టుబట్టాక, 1950, 60 దశకాల్లో ఆ నియమాలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి.

గే విద్యార్థుల సంగతి వేరు. వాళ్లను కాదనడానికి నియమం రాయాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. కాబట్టి కొట్టివేయమని అడగడానికీ ఏమీ లేదు. నిజానికి వాళ్లు ఫ్రాటర్నిటీల్లో మొదటినుంచీ ఉన్నారు, బయటపడకుండా. ఒకే గదిలో పడుకుని, ఒకరినొకరు సోదరులని పిలుచుకునే మగవాళ్ల మధ్య ఆ అనుమానం పొక్కితే పరువు పోతుందన్న భయం అందరిదీ. ఎగతాళి, ఏవగింపు అందులోంచే పుట్టాయి.

1967లో కొలంబియా విశ్వవిద్యాలయం స్వలింగ ప్రేమికుల విద్యార్థి సంఘాన్ని గుర్తించింది. అయినా ఫ్రాటర్నిటీల్లో కదలిక రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. వచ్చిన మార్గం మాత్రం పాతదే: వేరు ఇల్లు కట్టుకోవడం. 1986లో వాషింగ్టన్ నగరంలో డెల్టా లాంబ్డా ఫై ఏర్పడింది. గే, ద్విలింగాసక్త పురుషులతో పాటు వాళ్లకు తోడుండే ఇతర పురుషులనూ అది ఆహ్వానించింది. తమకు మూసేసిన తలుపును తాము ఇతరులకు మూయకపోవడం గమనించదగ్గది. 1988లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెస్బియన్ల సొరోరిటీ (విద్యార్థినుల సంఘం) లాంబ్డా డెల్టా లాంబ్డా, 2003లో అరిజోనాలో గామా రో లాంబ్డా వచ్చాయి.

పాత ఇళ్ల లోపల మౌనాన్ని కదిలించినవాడు షేన్ విండ్‌మేయర్. 1995లో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆయన ప్రారంభించిన లాంబ్డా 10 ప్రాజెక్ట్ ఫ్రాటర్నిటీల్లోని గే సభ్యులకు అండగా నిలిచింది. పమేలా ఫ్రీమన్‌తో కలిసి 1998లో ఆయన తెచ్చిన సంకలనంలో ఆ సభ్యులే తమ అనుభవాలు రాశారు.

తర్వాతి చిక్కు చట్టం నుంచి పుట్టింది. విద్యలో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టం నుంచి 1974లో ఫ్రాటర్నిటీల సభ్యత్వానికి మినహాయింపు దొరికింది. అందువల్ల అవి మగవాళ్ల సంఘాలుగానే కొనసాగాయి. మరి ట్రాన్స్ పురుషుల మాటేమిటి? తమను తాము పురుషులుగా భావించుకునేవారంతా అర్హులేనని 2014 డిసెంబరులో సిగ్మా ఫై ఎప్సిలాన్ ఫ్రాటర్నిటీ జాతీయ మండలి తీర్మానించింది.