వెల లేని పాట

సంతలో బేరము ఎక్కడైనా ఒకే తీరుగా మొదలవుతుంది. కొనేవాడు వెల అడుగుతాడు, అమ్మేవాడు చెబుతాడు. 2007 అక్టోబరులో ఇంగ్లండులోని ఒక సంగీత బృందము ఈ ఆనవాయితీని తలక్రిందులు చేసినది. రేడియోహెడ్ అనే ఆ బృందమువారు అయిదుగురు. తమ కొత్త ఆల్బము 'ఇన్ రెయిన్‌బోస్'ను ఆ నెల 10వ తేదీన ఇంటర్నెటులో పెట్టి, వెల రాయవలసిన గడిని ఖాళీగా వదలినారు. ఎంత ఇవ్వవలెనో వినేవాడే రాసుకొనవచ్చును. సున్న రాసినా పాటలు చేతికి వచ్చేవి. లోకము దీనిని వింతగా చెప్పుకొన్నది. వింత నిజమే కాని, అది ఒక్క పూటలో పుట్టినది కాదు. దాని వెనుక ముప్పది ఏండ్ల లెక్కలున్నవి. ముందుగా ఆ లెక్కలు చూద్దాము.

పాటకు నకలు తీయుటకు ఒకప్పుడు ఏదో ఒక పదార్థము కావలసివచ్చేది. గ్రామఫోను రికార్డుకు మన అడవులలో దొరికే లక్క కావలెను. తరువాత క్యాసెట్టుకు అయస్కాంతపు పూత పూసిన టేపు కావలెను. కావలసిన పాటల పట్టీ కాగితము మీద రాసి దుకాణములో ఇచ్చి, ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించుకొన్న రోజులు మన ఉపాధ్యాయులలో చాలమందికి జ్ఞాపకముండును. ఆ నకలుకు మరల నకలు తీస్తే గొంతు మసకబారేది, వెనుక బుసమని చప్పుడు పెరిగేది. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చుటతో పాట అంకెలుగా మారినది. అంకెలకు ఆ తరుగు లేదు. 5 అనే అంకెను నూరు మారులు ఎత్తి రాసినా అది 5 గానే ఉంటుంది.

అయితే ఆ అంకెలు చాల ఎక్కువ. డిస్కు మీద ఒక సెకను ధ్వనిని 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో రాస్తారు. అదియును కుడి, ఎడమ చెవులకు వేరువేరుగా. గుణించి చూస్తే సెకనుకు 14,11,200 బిట్లు వస్తాయి. నాలుగు నిమిషముల పాటకు దాదాపు 34 కోట్లు. 1990 తరువాతి దశాబ్దము చివర ఇండ్లలోని మోడెములు టెలిఫోను తీగ మీద సెకనుకు తేగలిగినది మహా అయితే 56,000 బిట్లు. విద్యార్థులు భాగించి చూచుకొనవచ్చును: ఒక్క పాట ఇల్లు చేరుటకు గంటా నలభై నిమిషములు! పంచిపెట్టే మనసు ఎవరికున్నా తీగ ఒప్పుకొనదు.

ఈ చిక్కు విప్పినవారు సంగీతజ్ఞులు కారు. జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయములో డీటర్ జైట్జర్ అనే ఆచార్యుడు టెలిఫోను తీగ మీద మంచి సంగీతమును పంపవచ్చునా అని 1970 తరువాతి దశాబ్దములోనే ఆలోచించినాడు. ఆయన శిష్యుడైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆ ఊరి ఫ్రౌన్‌హోఫర్ సంస్థలోని సహచరులు ఆ ఆలోచనను సాధించినారు. వారు ఆశ్రయించినది మనిషి చెవిలోని ఒక లోపమును. డప్పు మ్రోగుతూ ఉండగా ప్రక్కవాని గుసగుస వినబడదు. పెద్ద ధ్వని నీడలో చిన్న ధ్వని దాగిపోతుంది. చెవి పట్టుకొనలేని దానిని శ్రమపడి రాయుట ఎందుకు? ధ్వనిని హెచ్చు తగ్గు శ్రుతుల పట్టీలుగా విడదీసి, ఏది దేని నీడలో పడుతున్నదో క్షణక్షణమునకు లెక్కకట్టి, వినబడని వాటికి బిట్లు తగ్గించుటయే వారి పద్ధతి.

దీనికి వారు పెట్టుకొన్న పరీక్షలలో ఒకటి ముచ్చటైనది. సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాద్యములేవీ లేకుండ పాడిన 'టామ్స్ డైనర్' అనే పాట. పక్కవాద్యములుంటే తప్పులు వాటి చాటున దాగును. ఒంటరి గొంతుకు చాటు లేదు. మొదట ఆ గొంతు వికారముగా వచ్చినదట. దానిని సరిదిద్దుకొంటూ పోగా పద్ధతి కుదిరినది. 1995 జులైలో దాని ఫైళ్ళకు ఎం.పి.త్రీ అనే పొడిపేరు స్థిరపడినది. సెకనుకు 1,28,000 బిట్లతోనే పాట వినసొంపుగా ఉన్నది. గంటా నలభై నిమిషములు కాస్తా తొమ్మిది నిమిషములకు దిగినది.

పంచిపెట్టుట అంతకు ముందే చిన్నగా మొదలైనది. 1993లో కాలిఫోర్నియాలోని సాంతాక్రూజ్ విద్యార్థులు కొందరు, ఏ రికార్డు కంపెనీయు చేరదీయని బృందముల పాటలను ఇంటర్నెటులో ఉంచుటకు ఒక భాండారము పెట్టినారు. వెలకంటె ముందు వారికి కావలసినది వినేవాడు. 1999లో షాన్ ఫానింగ్ అనే విద్యార్థి తయారు చేసిన నాప్‌స్టర్ వచ్చినప్పుడు కథ వేరు దారి పట్టినది. అక్కడ పాటలను ఇచ్చినది గాయకులు కారు, వినేవారే ఒకరి నుండి ఒకరు తీసుకొన్నారు. కోర్టు వ్యాజ్యములతో 2001 జులైలో అది ఆగిపోయినది. ఇచ్చుట, తీసుకొనుట రెండింటినీ 'ఉచితము' అనే ఒకే మాటతో పిలుచుట వలన నేటికీ చాల గందరగోళము జరుగుతున్నది. దానము వేరు, దోపు వేరు. ఈ వ్యాసము దానమును గురించి.

ఇక రేడియోహెడ్ సంగతి. వారికి కంపెనీతో ఒప్పందము ముగిసినది, అడ్డు చెప్పేవారు లేరు. మొత్తము 10 పాటలు దాదాపు 50 మెగాబైట్లు. డిస్కు మీద అయితే 450. అదే ఆల్బమును డిస్కులు, పెద్ద రికార్డులు, బొమ్మలతో పెట్టెలో పెట్టి 40 పౌండ్లకు కూడ అమ్మినారు. ఎంతమంది సున్న రాసినారన్న లెక్కను బృందము పూర్తిగా బయటపెట్టలేదు. నూటికి 62 మంది ఏమీ ఇవ్వలేదని ఒక పరిశీలన సంస్థ అంచనా వేసినది; బృందము ఆ అంచనాను ఒప్పుకొనలేదు. డిసెంబరులో ఆ ద్వారము మూసి, కొత్త సంవత్సరము వేళ డిస్కును అంగళ్ళకు పంపగా అది ఇంగ్లండులోను అమెరికాలోను మొదటి స్థానమునకు ఎక్కినది. ఊరక దొరికిన దానిని మరల కొన్నారన్నమాట. అయితే 1993 నుండి కంపెనీ సొమ్ముతో పెరిగిన పేరు వారిది. ఆ పేరు లేనివాని గతి ఏమి?

దీనికి నికరమైన లెక్క ఒకటి దొరుకుతున్నది. సాల్ విలియమ్స్ అనే అమెరికా కవి, గాయకుడు 2007 నవంబరు 1న తన ఆల్బమును ఇదే దారిలో విడుదల చేసినాడు. మామూలు నాణ్యతతో ఉచితము. అంతకంటె మంచి నాణ్యతతో 5 డాలర్లు. దానిని రూపొందించిన ట్రెంట్ రెజ్‌నర్ అనే సంగీతకారుడు రెండు నెలల తరువాత లెక్కలు దాచకుండ ప్రకటించినాడు. 1,54,449 మంది తీసుకొన్నారు. 5 డాలర్లు ఇచ్చినవారు 28,322 మంది, అనగా నూటికి 18.3. విలియమ్స్ 2004 నాటి ఆల్బము అమ్ముడైనది 33,897 ప్రతులు. ఈ సంఖ్యలను చూచి సంతోషించవలెనా, విచారించవలెనా? విన్నవారు నాలుగింతలు దాటినారు. చెల్లించినవారు మునుపటికంటె తగ్గినారు. రెజ్‌నర్ నిరాశనే వెల్లడించినాడు. స్టూడియో ఖర్చు, వాయిద్యకారుల పారితోషికము ఎప్పటివలెనే ఉన్నవి. పైగా పాటలను పంచుటకు కూడ ఇంటర్నెటు కిరాయి కట్టవలసి వచ్చినది. నకలు ఖర్చు దాదాపు సున్నకు దిగినా, మొదటి ప్రతి ఖర్చు దిగలేదు. ఇందులో నాకు వినేవారి లోభము కంటె ఈ తేడాయే ముఖ్యముగా కనబడుతున్నది.

రెజ్‌నర్ మాత్రము వెనుదీయలేదు. 2008 మార్చి 2న తన 'నైన్ ఇంచ్ నెయిల్స్' పేరుతో 36 వాద్య ఖండికల 'గోస్ట్స్' వెలువరించినాడు. మొదటి 9 ఉచితము, మొత్తము 5 డాలర్లు. చేవ్రాలు చేసిన 300 డాలర్ల పెట్టెలు 2,500. ఆ పెట్టెలన్నియు కొద్ది రోజులలో చెల్లిపోయినవి. అంటే 7,50,000 డాలర్లు. కొందరు అభిమానుల పెట్టెలు తక్కినవారి ఉచితమును మోసినవి. మే 5న మరొక ఆల్బమును పూర్తిగా ఊరకే ఇచ్చినాడు.

అడగకుండ ఇచ్చిన దానికి మర్యాద ఉండదని 2014 సెప్టెంబరులో తేలినది. యూటూ బృందపు కొత్త ఆల్బమును ఆపిల్ కంపెనీ దాదాపు 50 కోట్ల ఖాతాలలో తనంతట తానే చేర్చినది. మాకెందుకు ఇచ్చినారని జనము విసుగుకొనగా, దానిని తొలగించుకొనుటకు కంపెనీ వేరే ఏర్పాటు చేయవలసివచ్చినది.

'గోస్ట్స్' కథకు ఒక కొసరు మిగిలినది. రెజ్‌నర్ ఆ ఖండికలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టినాడు. పేరు చెప్పి, వ్యాపారము చేయకుండ, ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. పది సంవత్సరముల తరువాత నెదర్లాండ్సులోని ఒక కుర్రవానికి వాటిలో 34వ ఖండికలోని బాంజో తీగల నాదము నచ్చినది. దానితో ఒక లయను అల్లి 30 డాలర్లకు ఇంటర్నెటులో అమ్మగా, లిల్ నాస్ ఎక్స్ అనే పేరులేని అమెరికా యువకుడు కొని, 2018 డిసెంబరులో 'ఓల్డ్ టౌన్ రోడ్' అనే పాట కట్టినాడు. 2019లో అది అమెరికా పాటల పట్టికలో వరుసగా 19 వారములు మొదటి స్థానములో నిలిచినది. లైసెన్సు వ్యాపారమునకు ఒప్పుకొనదు గదా! సంగతి రెజ్‌నర్ వద్దకు వెళ్ళినది. ఆయన పాటను ఆపించలేదు. రచయితల వరుసలో ఆయన పేరు, ఆ ఖండికలలో సహకారి అయిన ఆటికస్ రాస్ పేరు చేర్చినారు.