నెలకొక డాలరు తోట

మా వీధి చివర ఓ ఖాళీ స్థలం ఉంది. స్వంతదారు ఎవరో తెలీదు గానీ, అందులోని చెత్త మాత్రం మా అందరిదీ! మొన్న చిక్కుడుకాయల ఈనెలు పొట్లం కట్టి గోడమీంచి విసరబోతుంటే, అవతల బంతి వెతుక్కుంటున్న పక్కింటి పిల్లాడు తలెత్తి చూశాడు. నా చెయ్యి ఆగిపోయింది. లిజ్ క్రిస్టీ కథ గుర్తొచ్చింది.

న్యూయార్కంటే మనకి ఆకాశాన్నంటే మేడలే కళ్ళముందు మెదుల్తాయి. కానీ 1975 నాటికి ఆ మహానగరం దివాలా అంచుదాకా వెళ్ళింది. లోయర్ ఈస్ట్ సైడ్ లాంటి పేదల పేటల్లో పన్నులు కట్టలేక చాలామంది భవనాలు వదిలేశారు. కొన్ని తగలబడ్డాయి, కొన్నింటిని కూల్చేశారు. మిగిలిన జాగాల్లో ఇటుక ముక్కలూ, విరిగిన సామానూ, ఎలుకలూ!

లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి ఆ పేటలోనే ఉండేది. ఓనాడు చెత్తకుప్పలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి చూసి, ఈ చోటు బాగుచేసుకోకూడదా అని వాడి తల్లినడిగిందట. తనకంత తీరుబడి లేదనీ, ఆ పనేదో నువ్వే చెయ్యమనీ ఆ తల్లి జవాబిచ్చిందట! కోపం రావలసిన మాటే. లిజ్‌కి మాత్రం పట్టుదల వచ్చింది.

1973లో స్నేహితుల్ని కూడగట్టి 'గ్రీన్ గెరిల్లాస్' అనే జట్టు కట్టింది. తుపాకుల్లేని గెరిల్లాలు! బుడగల్లో విత్తనాలూ, ఎరువూ, నీళ్ళూ నింపి, కంచె వేసిన ఖాళీ స్థలాల్లోకి విసిరేవాళ్ళు. నేను పొట్లం విసరబోయిన పద్ధతే, చూశారా? సరుకే వేరు.

తర్వాత బవరీ, హ్యూస్టన్ వీధుల మూలనున్న స్థలంలో చెత్తంతా ఎత్తిపోసి, మట్టి తెచ్చి పోశారు. 1974 ఏప్రిల్‌లో నగర అధికారులు దాన్ని నెలకి ఒక డాలరు అద్దెకిచ్చారు. ఎత్తుగా కట్టిన 60 మళ్ళలో కూరగాయలు పెరిగాయి. చెట్లు లేచాయి. నేర్చుకున్నది నలుగురికీ నేర్పారు; పేటపేటకీ తోటలు పాకాయి. 1985లో లిజ్ చిన్నవయసులోనే కన్నుమూసింది. మరుసటేడు ఆ తోటకి ఆమె పేరే పెట్టారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. పేటలు బాగుపడగానే స్థలాల ధరలు పెరిగాయి. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని నేల అందరికీ ముద్దొచ్చింది. 1999లో నగరం వందకి పైగా తోటల్ని వేలానికి పెట్టింది! జనం గగ్గోలు పెట్టారు. చివరికి నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థా, మరో ట్రస్టూ కలిసి దాదాపు 42 లక్షల డాలర్లిచ్చి వాటిని కొని కాపాడాయి. లిజ్ తోటకీ కొత్త భవనాల బెడద వచ్చింది గానీ, 2002లో ఒప్పందం కుదిరి నిలిచింది.

నాకు తోచిందొకటే. మొక్క నాటడానికి ప్రేమ చాలు. అది చెట్టయ్యేదాకా నిలవాలంటే కాగితం కూడా కావాలి.

పొట్లం వెనక్కి తెచ్చి జాజిపాదులో కప్పెట్టాను. రేపు పక్కింటి వదినగారూ నేనూ ఆ స్థలం ఎవరిదో కనుక్కోవడానికి బయల్దేరుతున్నాం. నెలకో రూపాయి అద్దె ఇస్తామంటే నవ్వుతారేమో! నవ్వనివ్వండి. ముందు ఆ పిల్లాడి బంతి దొరికే చోటు కావాలిగా?