కోరంగి: మడ అడవిలో కలిసిపోయిన రేవు

కోరంగి అంటే ఇప్పుడు అందరికీ మడ అడవి, చెక్కల వంతెన, బోటు షికారు, ఫోటోలే గుర్తొస్తాయి. కానీ ఒకప్పుడు అది పేరున్న ఓడరేవు. అక్కడ ఓడలు కట్టేవారు, పాడైన ఓడల్ని బాగుచేసేవారు. మా యానాం పుదుచ్చేరిలో భాగమే అయినా, గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయేది మా ఊరి దగ్గరే. కాబట్టి ఆ చరిత్రలో మాకూ కొంచెం వాటా ఉంది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. అక్కడి నుంచి సముద్రం దాకా ఉన్న నేలంతా నది మోసుకొచ్చిన ఒండ్రే. ఆ ఒండ్రే పొలాలకు బలం. రేవుకి మాత్రం అదే శత్రువు అయింది. పాయ పూడిపోయేకొద్దీ పెద్ద ఓడలు రాలేక వ్యాపారం కాకినాడకి పోయింది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి ఇసుకతో పుట్టినదే, దాని వయసు సుమారు రెండు వందల ఏళ్ళే!

మా పదో తరగతి వాళ్ళం ఒక ఆదివారం వెళ్ళాం. "పోటు మీదుండగానే ఎక్కండి బాబూ, పాటు మొదలైతే బోటు బురదలో కూర్చుంటుంది" అన్నాడు బోటు నడిపే తాత. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కదా, అవి పైకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. "రేవు ఎక్కడుండేది తాతా?" అని అడిగితే చెయ్యి చుట్టూ తిప్పి, "ఇదంతానే" అన్నాడు.

ఒండ్రు ఒక్కటే కాదు, ఉప్పెనలూ ఈ ఊరిని దెబ్బతీశాయి. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఆ ఉప్పెన గురించి రాశాడు. తుఫానుకి 'సైక్లోన్' అని పేరు పెట్టింది ఆయనే. పాము చుట్టలాంటిదని గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. 1839 నవంబరు 25న మళ్ళీ ఉప్పెన వచ్చింది. అప్పుడు 3 లక్షల మంది పోయారని చాలాచోట్ల రాస్తారు. నాకైతే ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. ఆ రోజుల్లో ఒక రేవు, చుట్టుపక్కల పల్లెలూ కలిపినా అంతమంది ఉంటారా? అయితే లెక్క తగ్గినా దుఃఖం తగ్గదు. 1996 నవంబరు 6 తుఫాను గురించి మా అమ్మమ్మ ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్తుంది. వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్తుంది, సంఖ్య మాత్రం ఎప్పుడూ చెప్పదు.

ఉప్పెన జోరుని కొంత ఆపేది ఈ మడ చెట్లే. వంటచెరుకు కోసం వాటిని నరికేవారట. 1978లో ఇది అభయారణ్యం అయింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఇంకో సంగతి. బ్రిటిష్ కాలంలో ఈ తీరం నుంచి ఎంతోమంది మనవాళ్ళు కూలికోసం బర్మా వెళ్ళారు. రంగూను రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళని అక్కడ 'కొరంగీలు' అనేవారు. ఏ ఊరి నుంచి వెళ్ళినా అదే పేరు. ఇక్కడ రేవు బురదలో కలిసిపోయాక కూడా, సముద్రం అవతల దాని పేరు మనుషుల మీద మిగిలింది.