ఓనమాల బడిలో వారము: పాలమూరు సీమను గూర్చిన ఒక పరిశీలనము

ఒకటవ తరగతి చదువు బాలునకు వారమనగా నేమి? ఆరు దినములు బడి, ఒక దినము సెలవు అని మనము తడవుకొనక చెప్పుదుము. ఈ ఏర్పాటు అనాదినుండి వచ్చుచున్నట్లే తోచును. కాని పాలమూరు సీమలో ఆదివారము బడి సెలవగుట 1948వ సంవత్సరమునకు తరువాతి మాట. అంతకు పూర్వము సర్కారు బడులకు సెలవు శుక్రవారము. దానికిని పూర్వము, వీధిబడులలో, వారమను లెక్కయే లేదు. తిథుల లెక్క ఉండెను. పసివాని చదువునకు విరామ మెప్పుడు, ఆ విరామము తరువాత వాడు మరచినదానిని తిరిగి రాబట్టు మార్గమేది అను ప్రశ్నకు ఈ మూడు కాలములును మూడు విధముల సమాధానము చెప్పినవి. జడ్చర్ల ప్రాంతమున ఇటీవల ఒక ప్రాథమిక పాఠశాలలో వారము దినములు కూర్చుండి చూచిన పిమ్మట ఈ సంగతి విచారింపదగినదని నాకు తోచినది.

ముందుగా తిథుల లెక్క. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి లేక అమావాస్య: ఇవి అనధ్యయన దినములు. అమావాస్యనాటి అధ్యయనము గురువునకును, చతుర్దశినాటిది శిష్యునకును, అష్టమీ పౌర్ణమాసులనాటిది వేదమునకును చేటు అని మనుస్మృతి నాలుగవ అధ్యాయము. సుందరకాండలో హనుమంతుడు, అశోకవనములో కృశించియున్న సీతను వానరులకు వర్ణించుచు, పాడ్యమినాడు చదువువాని విద్యవలె సన్నగిల్లినదని చెప్పును. శ్రోతలకు ఆ నియమము అంతగా తెలిసియుండినగాని అట్టి ఉపమానము రాణింపదు.

ఈ తిథులను వ్రేళ్లమీద లెక్కించి చూచినచో ఒక విశేషము కనబడును. విదియ మొదలు సప్తమి వరకు ఆరు దినములు చదువు, అష్టమి విరామము, నవమి మొదలు త్రయోదశి వరకు అయిదు దినములు చదువు, ఆ తరువాత చతుర్దశి, పర్వతిథి, పాడ్యమి కలిసి మూడు దినముల విరామము. పక్షమున పదునొకండు దినముల చదువు రెండు భాగములుగా విడిపోవుచున్నది. మొదటి భాగము మన నేటి బడివారముతో సరిగా సమానము. వారములేని లెక్కలో వారమంత కొలత తానై ఏర్పడినదన్న మాట. పసివాని ఓపిక ఆరు దినములకు మించదని ఎవరైనను లెక్కగట్టి యీ నియమము చేసిరని నేననను. ఇది చంద్రుని గతినిబట్టి వచ్చినది. అయినను ఫలము అదియే.

శాస్త్రదృష్టిలో ఈ నియమము వేదాధ్యయనమునకే గాని ఓనమాలకు కాదు. వేదాంగములయందు అనధ్యయన మెన్నవలసిన పనిలేదని మనుస్మృతియే రెండవ అధ్యాయములో సడలించినది. అట్లయ్యును వీధిబడి పిల్లలకు అమావాస్యయు పున్నమియు సెలవులైనవి. శాస్త్రములో తమకు చెందని విధిని పిల్లలు ఇంత ఇష్టముతో పాటించిన సందర్భము మరియొకటి కానరాదు!

వీధిబడిలో ఆ ఆరు దినములు ఎట్లు గడచెనో చెప్పుటకు తగిన లిఖితాధారము పాలమూరునకు దక్షిణమున, నదులకావల లభించుచున్నది. బళ్లారి మండలము 1800వ సంవత్సరము వరకు నిజాము ఏలుబడిలోనే యుండి, ఆ సంవత్సరమున కుంపిణీకి దత్తమైనది. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో రాజధానిలోని బడులనన్నిటిని లెక్కింపుడని కలెక్టరుల నాజ్ఞాపింపగా, బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపెను. ఈయన తెలుగునకు వ్యాకరణము రచించిన పండితుడు కూడ. ఆయన లెక్కలో 533 బడులు, వానిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. చదువుకొనువారు 6,641 మంది. అందు బాలికలు కేవలము 60. మండల జనాభా తొమ్మిది లక్షలకు పైబడియుండగా ఇంతటి స్వల్పసంఖ్య ఏమిటని కాంబెల్ విచారించెను. నేటి మనము ఆ అరువది అను సంఖ్యవద్ద మరికొంత సేపు ఆగవలెను.

బాలునకు అయిదేండ్లు నిండగానే అయ్యవారును బడిపిల్లలును వాని యింటికి పోవుదురు. వినాయకుని ముందు కూర్చుండబెట్టి, ప్రార్థన చెప్పించి, బియ్యములో వాని వ్రేలు పట్టి దైవనామము వ్రాయింతురు. మరునాటినుండి బడి. ఉదయము ఆరుగంటలకు మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయబడును. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తిట్టును లేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చువారికి ఒక్కొక్కటి చొప్పున హెచ్చు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిన పిమ్మట తాటాకును, కడితమును చేతికి వచ్చును. కడితమనగా గుడ్డకు గంజియు బొగ్గుపొడియు పట్టించి పుస్తకమువలె మడిచిన నల్లని వ్రాతపరికరము. తుడిచి మరల వ్రాయవచ్చును. మన పలకకు అది పూర్వరూపము.

కాంబెల్ ఈ బడులను పొగడెను, తెగడెను కూడ. పిల్లలు కావ్యపద్యములను అర్థమెరుగక చిలుకలవలె వల్లించుచున్నారని ఆయన ఫిర్యాదు. అది యథార్థమే. కాని ఆయన మెచ్చుకొన్న అంశము మన ప్రస్తుత విషయమునకు ముఖ్యము. ఆ బడులలో పిల్లలు వయస్సునుబట్టి గాక వచ్చిన చదువునుబట్టి గుంపులుగా కూర్చుండెడివారు. క్రింది గుంపులకు పై పిల్లలే చదువు చెప్పెడివారు; పై గుంపులను అయ్యవారు చూచుకొనెడివారు. ఒక బాలుడు పక్షము దినములు రాకపోయినను తిరిగి వచ్చినప్పుడు విడిచిన అక్షరమువద్దనే మొదలుపెట్టెడివాడు. వానికొరకు ఆగవలసిన తరగతియు లేదు, వానిని విడిచి ముందుకుపోవు తరగతియు లేదు. ఈ పద్ధతి సముద్రము దాటినదను సంగతి ప్రసిద్ధము. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్, స్థానిక బడిపిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, పై పిల్లలచే క్రింది పిల్లలకు చెప్పించు విధానమును తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, 1797లో దానినిగూర్చి పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతియను పేర వ్యాపించినది. మన వీధిబడి సొత్తు విదేశములో గౌరవము పొందుచుండగా స్వదేశములో అది క్రమముగా తొలగిపోయినది.

పాలమూరులో దాని స్థానమున వచ్చినది నిజాము సర్కారు బడి. తహ్తానియా, వస్తానియా, ఫౌఖానియా అని మూడంతస్తులు. క్రింది అంతస్తులో మాతృభాషకు నియమరీత్యా చోటున్నను, పై చదువంతయు ఉర్దూలో సాగుటచేతను, 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు కూడ ఉర్దూయే బోధనభాష యగుటచేతను, తెలుగు ఓనమాలకు ముందుదారి లేకపోయినది. తెలుగు చెప్పు ఖాన్గీ బడులు తెరచుటకు సర్కారు అనుమతి కావలెనను నిబంధన 1920ల మధ్యకాలమున వచ్చి ఆ బడులను కుదించినది. ఆంధ్ర జనసంఘము నాటినుండి ఆంధ్ర మహాసభల వరకు మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనను కోరిక వినబడుచునే వచ్చినది. 1930లో జోగిపేటలో మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన సురవరము ప్రతాపరెడ్డి ఈ పాలమూరు సీమవాడే. ఈ చరిత్ర పలువురు వ్రాసినదే గనుక ఇక్కడ విస్తరింపను.

నేను చెప్పదలచినది చిన్న సంగతి. సర్కారు బడితో రెండు క్రొత్తలు వచ్చినవి: జమాత్, అనగా తరగతి, తాతీల్, అనగా నియతమైన సెలవు. శుక్రవారము సెలవు. హాజరు పట్టీలో ఆజూర్, దై, బహమన్ అను ఫసలీ మాసములు. ఇంటిలో పండుగలకు తిథులు. రైలు స్టేషనులో ఇంగ్లీషు తారీఖు. ఆనాటి జడ్చర్ల బాలుడు మూడు కాలగణనముల నడుమ అక్షరములు నేర్చెను. వాడు ఇంట విన్న వారముల పేర్లు ఐతారము, సోమారము, మంగళారము, బుధారము, బేస్తారము, బడిలో జుమ్మా. ఊరివారికి వారమునకు గుర్తు అంగడి దినము. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసిన పిదప శుక్రవారపు సెలవు తొలగి ఆదివారము వచ్చినది. బోధనభాషయు మారినది. తరగతి మాత్రము మారలేదు.

తరగతియను ఏర్పాటులో ఒక పాఠము అందరిదియు. సోమవారము చెప్పినది మంగళవారమునకు పునాది. రాని బాలుడు తన పాఠమునే గాక తరగతి స్థానమును కూడ పోగొట్టుకొనును. పాలమూరులో ఇది అల్పవిషయము కాదు. వానలు తప్పిన సంవత్సరములందు కుటుంబములు కుటుంబములే కాలువల త్రవ్వకమునకును, భవననిర్మాణములకును దూరదేశములకు తరలిపోవుట ఈ మండలమున తరములనుండి ఉన్నది. పాలమూరు కూలీ అను పేరు దేశమంతట తెలిసినది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబునగరు జిల్లా అక్షరాస్యత నూటికి 55.04, నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అది కడపటిది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమిక తరగతులకు ఏటికి 200 పనిదినములు, 800 గంటల బోధన నిర్ణయించినది. అనగా దినమునకు నాలుగు గంటలు, ఆరు దినముల వారమునకు ఇరువదినాలుగు. ఈ గణితము ప్రతిదినము వచ్చు బిడ్డకు సరిపోవును.

నేను చూచిన వారము దసరా సెలవులు గడచిన తరువాతిది. గ్రామము పేరు చెప్పను; జడ్చర్ల, బాదేపల్లి అంగడికి పోవువారు ఆ త్రోవననే పోవుదురు. సోమవారము ఉపాధ్యాయురాలు క్రొత్త పాఠము ముట్టలేదు. శనివారము నేర్పిన 'వ' అక్షరము వ్రాయుమనగా సగము పలకలపై 'మ' వచ్చినది. ఆశ్చర్యము లేదు, తెలుగులో వ, మ అనువానికిని, ప, ష, స అనువానికిని భేదము ఒక్క కొమ్ము, ఒక్క గీత. పూర్వపు బడిలో అక్షరములు వర్ణమాల వరుసను వచ్చుటచే ఇట్టి జంటలలో కొన్ని దూరదూరముగా ఎదురయ్యెడివి. నేటి వాచకము బొమ్మతోను, పదముతోను ఆరంభించి పదమునుండి అక్షరమును విడదీయును. పదము తెలిసినదైనచో ఈ పద్ధతి చక్కగా సాగును. కాని ఈ సీమ పిల్లకు చొక్కా అంగి, దారి తొవ్వ, రాగులు తైదలు. మంగళవారము ఒక బాలుడు చొక్కా బొమ్మ చూచి 'అంగి' అని, అందు 'అ' కనబడునేమోయని వెదకెను. వాని తర్కము నిర్దుష్టము. ఉపాధ్యాయురాలు నవ్వక, 'అంగి'యని నల్లబల్లపై వ్రాసి వాని 'అ'ను వానికి చూపినది. ఆ దినము నేను చూచిన బోధనలో అదియే ఉత్తమము.

బుధవారము ఒక బాలిక వచ్చినది. తల్లిదండ్రులతో హైదరాబాదులో కట్టుచున్న ఇంటివద్ద నెలకు పైగా ఉండివచ్చినదట. బస్సులమీది అంకెలు చూచి చూచి తొమ్మిది వరకు గుర్తుపట్టుచున్నది. 'త' మాత్రము పోయినది. తరగతి అప్పటికి గుణింతమున నున్నది. ఉపాధ్యాయురాలు రెండవ తరగతినుండి ఒక పిల్లను పిలిచి ఆమె ప్రక్కన కూర్చుండబెట్టినది. ఒకే గదిలో రెండు తరగతులు నడచుటచే అది సులభమైనది. పెద్దపిల్ల చిన్నపిల్ల వ్రేలు పట్టి పలకపై 'త' దిద్దించుచు, తనకు ఎవరో నేర్పిన రాగములోనే చెప్పుచున్నది. ఇట్లు చేయుట ఎక్కడ నేర్చితిరని ఉపాధ్యాయురాలి నడిగితిని. "ఎక్కడ నేర్చుడేంది సార్, నేనొక్కదాన్ని, ఇద్దర్నెట్ల చూడాలె?" అని ఆమె బదులు చెప్పినది. బెల్ దొర పేరుగాని, బళ్లారి నివేదికగాని ఆమె వినలేదు. 2022లో తెలంగాణ ప్రభుత్వము తొలిమెట్టు అను పేర చదువుట, వ్రాయుట, లెక్కించుటలకు ప్రత్యేక కార్యక్రమమును ఒకటినుండి అయిదు తరగతులకు ప్రారంభించినది. ఆ పత్రములు ఆమె బల్లపై ఉన్నవి. అయితే ఈ ఉపాయము పత్రములనుండి గాక, గది ఇరుకునుండి వచ్చినది.

గురువారమును శుక్రవారమును అదియే జత. శుక్రవారము మధ్యాహ్నము పెద్దపిల్లకు విసుగు పుట్టి తన చోటికి పోయినది. చిన్నది ఒంటరిగా దిద్దుకొనుచు 'త'కు తలకట్టు మరచి, మరల జ్ఞప్తి తెచ్చుకొని పెట్టినది. శనివారము 'తల', 'తాత' అను పదములు చూడక వ్రాసినది. వారాంతమున హాజరు పట్టీ నా చేతికిచ్చిరి. ఆ బాలిక పేరునకెదురుగా గత నెలయంతయు గైరుహాజరు గుర్తులు. ఈ వారమున సోమ, మంగళ వారములును అట్లే. ఆ తరువాత నాలుగు దినములు హాజరు.