సీ బుక్కు మీద ఫైనాన్షియర్ పేరు: వాహన రుణపు కాగితాల్లో తప్పులు, దిద్దుబాట్లు

అప్పు చేసి కొన్న కారు కాగితాలు ఒక్కచోట ఉండవు. అమ్మకపు పత్రం డీలరు రాస్తాడు. రుణ ఒప్పందం ఫైనాన్షియర్ దగ్గర ఉంటుంది. జనం సీ బుక్కు అని పిలిచే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రవాణా శాఖ ఇస్తుంది, బీమా పాలసీ ఇంకో కంపెనీ రాస్తుంది. ఒక అంకె తప్పు పడితే నాలుగు చోట్లా దిద్దించుకోవాలి. వీళ్లలో ఏ ఒక్కరు సంతకం పెట్టకపోయినా పని ముందుకు సాగదు. ఈ చిక్కు కార్లతో పుట్టింది కాదు.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పియానోలు, కుట్టుమిషన్లు వాయిదాల మీద అమ్మేవారు. కొన్నవాడు డబ్బు పూర్తిగా కట్టకముందే వస్తువును తాకట్టు పెట్టేస్తే అమ్మినవాడి గతేమిటి? 1895లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చిన హెల్బీ వర్సెస్ మాథ్యూస్ కేసు సరిగ్గా అలాంటి పియానో గురించే. ఆఖరి వాయిదా కట్టేదాకా అది అద్దెకు తీసుకున్న వస్తువే, యజమాని అమ్మకందారే అని తీర్పు వచ్చింది. హైర్ పర్చేజ్ పద్ధతికి ఆ తీర్పు గట్టి పునాది వేసింది. మన దేశంలో లారీలకు, ఆపై కార్లకు అప్పులిచ్చినవారు ఆ పద్ధతినే పట్టుకున్నారు.

ఇక్కడ మోటారు వాహనాల మొదటి అఖిల భారత చట్టం 1914లో వచ్చింది. 1939 చట్టం దాని స్థానంలోకి వచ్చి రిజిస్ట్రేషన్‌కు పద్ధతైన రూపం ఇచ్చింది. 1954లో మద్రాసులో సుందరం ఫైనాన్స్ మొదలైంది. దక్షిణాదిన లారీ కొనాలనుకునేవాడికి బ్యాంకు అంత తేలిగ్గా అప్పివ్వని రోజులవి. అందువల్ల ఇలాంటి కంపెనీలు, వాటితోపాటు ఊరూరా ఉన్న చిన్న ఫైనాన్షియర్లు ఆ అవసరం తీర్చారు. ఒప్పందం ప్రకారం బండి ఫైనాన్షియర్‌ది, సీ బుక్కులో పేరు మాత్రం నడుపుకునేవాడిది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి తర్వాత 1939 చట్టంలో 31ఎ సెక్షన్ చేర్చారు. దాంతో హైర్ పర్చేజ్ ఒప్పందం ఉన్న సంగతిని రిజిస్ట్రేషన్‌లోనే నమోదు చేయడానికి చట్టం ఆధారం దొరికింది. జనం నోట్లో ఈనాటికీ నానుతున్న ‘హెచ్‌పీ’ ఆ నమోదే.

ఆ రోజుల్లో అప్పు తీసుకునేవాడు చేయాల్సిన సంతకాలకు లెక్క ఉండేది కాదు. దరఖాస్తు, ప్రామిసరీ నోటు, అమ్మకపు ఉత్తరం, రసీదు, ఒప్పందం అన్నీ అచ్చు కాగితాలే. ఖాళీలు తర్వాత ఎవరో నింపేవారు. తప్పులు పుట్టిన చోటు అదే. 1960ల మధ్యలో సుందరం ఫైనాన్స్‌కూ కేరళ రాష్ట్రానికీ మధ్య అమ్మకపు పన్ను వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు కాగితాల పేర్లు చూసి ఊరుకోలేదు, లావాదేవీ అసలు స్వరూపం చూసింది. బండిని కొన్నవాడు కొనుగోలుదారే, కంపెనీ చేసింది హామీ మీద అప్పివ్వడమే అని తేల్చింది. పేరుకు హైర్ పర్చేజ్, నిజానికి అప్పు. ఈ రంగంలో కాగితం ఒకటి, వాస్తవం ఒకటి కావడం ఎంత మామూలో ఆ తీర్పు చెబుతుంది.

కొనుగోలుదారుడికి అండగా పార్లమెంటు 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, అందరూ సంతకం చేయాలి, నగదు ధర ఎంతో, వాయిదాల మీద ధర ఎంతో, వాయిదాలెన్నో అందులో రాయాలి అంది. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకునే అలవాటుకు అదొక విరుగుడు అయ్యుండేది. కానీ ఆ చట్టం అమలుకే నోచుకోలేదు. మూడు దశాబ్దాలకు పైగా పుస్తకాల్లోనే ఉండి 2005లో రద్దయింది. వాహన రుణాల చరిత్రలో ఇంతకంటే పెద్ద అవకాశం చేజారలేదు.

నిజంగా పనిచేసింది 1989 జూలై 1 నుంచి అమలైన 1988 మోటారు వాహనాల చట్టం. దాని 51వ సెక్షన్ హైర్ పర్చేజ్‌తోపాటు లీజును, హైపోథికేషన్‌ను కూడా లెక్కలోకి తీసుకుంది. అప్పటికి బ్యాంకులూ వాహన రుణాల్లోకి వచ్చాయి కాబట్టి అది అవసరమే. నమోదు చేయించడానికి ఫారం 34, అప్పు తీరాక తీయించడానికి ఫారం 35. రెంటి మీదా యజమాని, ఫైనాన్షియర్ ఇద్దరి సంతకాలూ ఉండాలి. వాయిదాలు ఎగ్గొడితే బండిని స్వాధీనం చేసుకున్న ఫైనాన్షియర్ తన పేరున కొత్త సర్టిఫికెట్ కోరడానికి ఫారం 36. అప్పిచ్చే రోజే ఇలాంటి ఫారాల మీద ఖాళీగా సంతకాలు తీసుకోవడం మాత్రం పాత అలవాటుగానే కొనసాగింది.

డీలరు పాత్ర ప్రధానంగా ఫారం 21లో ఉంటుంది. అది అమ్మకపు సర్టిఫికెట్. కొనుగోలుదారు పేరు, ఎవరి రుణం కింద ఉందో ఆ పేరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారైన నెల, రంగు, సీట్ల సంఖ్య అన్నీ అందులోనే. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఒకటి, సున్నాలతో కలిసిపోకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. అయినా 8 కాస్తా బి అవుతుంది, 5 కాస్తా ఎస్ అవుతుంది. ఫారం 21లో పడ్డ పొరపాటు రుణ ఒప్పందంలోకి, పాలసీలోకి, సీ బుక్కులోకి యథాతథంగా దిగుతుంది. ఆ దశలో ఎవరూ బండి దగ్గరికెళ్లి చూడరు, ముందున్న కాగితం చూసి ఎక్కించుకుంటారు. పొరపాటు బయటపడేది ప్రమాదం జరిగి బీమా సర్వేయర్ వచ్చినప్పుడో, బండి అమ్మబోయినప్పుడో.

ఈ తప్పుకు తిరుగులేని సాక్షి బండే. ఛాసిస్ మీద పొడిచిన నంబరుపై పల్చటి కాగితం అంటించి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఆర్టీవో ఆఫీసుల్లో ఈ పెన్సిల్ ప్రింటు తీయడం పాత ఆనవాయితీ. తప్పు తనదేనని డీలరు ఉత్తరం ఇచ్చి, సవరించిన ఫారం 21 జత చేస్తాడు. ఫైనాన్షియర్ అభ్యంతరం లేదంటూ లేఖ (ఎన్ఓసీ) ఇస్తాడు. జనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అని పిలిచే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి సరిచూస్తాడు. ఆ తర్వాతే రికార్డు మారుతుంది. పాలసీలో దిద్దుబాటుకు బీమా కంపెనీ విడిగా ఎండార్స్‌మెంట్ ఇవ్వాలి. దరఖాస్తు ఒకరికి పెట్టి రుణం ఇంకొకరి దగ్గర తీసుకున్నప్పుడు మొదటి ఫైనాన్షియర్ పేరే ఫారంలో మిగిలిపోవడమూ కద్దు. ఇది ఛాసిస్ నంబరు తప్పు కంటే చిక్కు. పైసా అప్పివ్వని కంపెనీ నుంచి కూడా ఎన్ఓసీ తెచ్చుకోవాల్సి వస్తుంది.

సీ బుక్కులో పేరుంటే ఫైనాన్షియర్‌కూ తలనొప్పే. ప్రమాద పరిహారం అతణ్నీ కట్టమనవచ్చా? గోదావరి ఫైనాన్స్ కంపెనీ కేసులో 2008లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. రుణ ఒప్పందం కింద ఉన్న బండి విషయంలో దాన్ని చేతిలో పెట్టుకుని నడిపించేవాడే యజమాని, ఫైనాన్షియర్ కాదు అంది.

దిద్దడానికి డీలరు మొరాయిస్తే 1986 దాకా సివిల్ కోర్టే దిక్కు. ఆ ఏడాది వినియోగదారుల రక్షణ చట్టం వచ్చి జిల్లా ఫోరాలు ఏర్పడ్డాయి. కారు కాగితాల మీద కోర్టు ఖర్చు, లాయరు ఫీజు భరించలేనివారికి అదొక దారి. బ్యాంకుల మీద ఫిర్యాదులకు 1995లో అంబుడ్స్‌మన్ పథకం వచ్చింది. బ్యాంకేతర ఫైనాన్స్ కంపెనీలకు ఆ ఏర్పాటు 2018 దాకా లేదు. 2021లో రిజర్వ్ బ్యాంకు అన్నింటినీ కలిపి ఒకే పథకం చేసింది.

2019 సవరణ చట్టం బాధ్యతను డీలరు వైపు ఇంకాస్త జరిపింది. కొత్త బండి రిజిస్ట్రేషన్ దరఖాస్తు డీలరే పెట్టాలి, అధీకృత డీలరు అమ్మిన కొత్త బండిని మొదటి రిజిస్ట్రేషన్‌కు ఆర్టీవో ఎదుట నిలపాల్సిన పని లేదు. జనానికి తిరుగుడు తగ్గిన మాట నిజమే. కానీ బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిని చూసే ఘట్టం పోయింది గనుక షోరూములో టైపు చేసినదే రికార్డు అయింది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో రకం పొరపాటు ఉంది, అందులో ఎవరి తప్పూ లేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అంతకుముందు రుణాలు తీసుకున్నవారి సీ బుక్కుల్లో మాత్రం పాత పేర్లే మిగిలాయి. ఫారం 35 మీద సంతకం చేసేది కొత్త బ్యాంకు, రికార్డులో ఉన్నది లేని బ్యాంకు. విలీనం సంగతి ఆర్టీవో కార్యాలయానికి కాగితం మీద చూపించాలి.

ఇటీవలి నిబంధనలు గడువులు పెట్టాయి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలని, నమోదైన హక్కును తీసేయాలని, ఆలస్యం తమదైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం కట్టాలని 2023 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. 2023 డిసెంబరు 1 నుంచి అమలైన ఆ ఆదేశం కిందికి వ్యాపారానికి కాని వాహన రుణాలూ వస్తాయి. క్రెడిట్ రికార్డులో తప్పును 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు వార్షిక వడ్డీ భారం, ఫీజులు అన్నీ చూపే కీలక వివరాల పత్రం ముందుగా ఇవ్వాలి. అందులో లేని రుసుమును రుణం నడుమ గ్రహీత సమ్మతి లేకుండా వసూలు చేయరాదు. 1972 చట్టం అడిగినవి ఇలా అర్ధ శతాబ్దం తర్వాత కొంతమేర వేరే దారిన వచ్చాయి. ఈ గడువులు అప్పిచ్చినవారికే వర్తిస్తాయి, డీలరుకూ బీమా కంపెనీకీ కాదు. సీ బుక్కులో పేరు తీయించుకున్నాక పాలసీలోనూ తీయించకపోతే బండి పూర్తిగా పాడైనప్పుడు క్లెయిమ్ సొమ్ము కోసం మళ్లీ పాత ఫైనాన్షియర్ ఎన్ఓసీ వెతుక్కోవాల్సి వస్తుంది.